ఓడిన నగరంలో విజయస్తంభం

బెర్లిన్ నగరం నడిబొడ్డున సుమారు 210 హెక్టార్ల విస్తీర్ణంలో టీర్‌గార్టెన్ అనే పార్కు ఉంది. అందులో అయిదు పెద్ద రోడ్లు కలిసే కూడలి మధ్యన 67 మీటర్ల ఎత్తయిన స్తంభం, దాని కొనన రెక్కలు విప్పుకొని నిలుచున్న బంగారు విగ్రహం చాలా దూరం నుంచే కనిపిస్తాయి. జర్మన్లు దాన్ని ‘జీగెస్‌జాయిలె’ అంటారు. మన మాటలో చెప్పుకుంటే అచ్చంగా విజయస్తంభమే. ఆ ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గర కొన్నాళ్ళు ఉండి రావడానికి తిరుపతి నుంచి వెళ్ళినప్పుడు, ఆరో తరగతి చదువుతున్న మనవరాలు నన్ను అక్కడికి వెంటబెట్టుకొని తీసుకెళ్ళింది. తలెత్తి ఆ బంగారు బొమ్మను కాసేపు చూసి అడిగింది: “అవ్వా, వీళ్ళు రెండు ప్రపంచయుద్ధాల్లోనూ ఓడిపోయినారు గదా, మరి గెలిచిన గుర్తు ఎట్లా పెట్టుకున్నారు?”

తిరుపతిలో ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి జవాబు వెంటనే తోచింది. ఇది ఆ యుద్ధాలది కాదు, అంతకు ముందు గెలిచిన మూడు యుద్ధాలది అని చెప్పాను. ఆ జవాబు తప్పు కాదు, కానీ చాలదు. ఆ మూడు యుద్ధాల్లో చివరిది ముగిసి 150 ఏళ్ళు దాటింది. ఆ గెలుపుతో ఏర్పడిన సామ్రాజ్యం 1918లోనే కూలిపోయింది. స్తంభం మొదట నిలబెట్టిన చోట కూడా ఇప్పుడు లేదు. అది ఇంకా ఎందుకు నిలిచి ఉందో, ఏ గెలుపును చెబుతోందో తెలియాలంటే ముందుగా దాన్ని ఎవరు ఎప్పుడు కట్టారో, ఆ తర్వాత ఎవరు కదిలించారో, ఎవరు కూల్చాలనుకున్నారో వరసగా చూడాలి. విజయస్తంభం యుద్ధం గురించి చెప్పేదానికన్నా, దాన్ని కట్టినవాళ్ళ గురించీ ఆ తర్వాత దాన్ని దగ్గర ఉంచుకున్నవాళ్ళ గురించీ ఎక్కువ చెబుతుందని నేను నమ్ముతాను.

కథ 1864లో మొదలవుతుంది. అప్పటికి జర్మనీ అనే ఒకే దేశం లేదు. మన దగ్గర ఒకప్పటి సంస్థానాల్లాగా చిన్నా పెద్దా రాజ్యాలు చాలా ఉండేవి, వాటిలో ప్రష్యా బలమైనది. దాని ప్రధానమంత్రి బిస్మార్క్. ష్లేస్విగ్, హోల్‌స్టైన్ అనే రెండు ప్రాంతాల కోసం ప్రష్యా, ఆస్ట్రియా ఒక్కటై డెన్మార్కును ఓడించాయి. ఆ గెలుపుకు గుర్తుగా హైన్రిష్ స్ట్రాక్ అనే వాస్తుశిల్పి గీసిన నమూనాతో స్తంభానికి 1865లో శంకుస్థాపన జరిగింది. ఏడాది తిరిగేసరికి, 1866లో, నిన్నటి మిత్రుడైన ఆస్ట్రియాతోనే ప్రష్యా యుద్ధానికి దిగి క్యోనిగ్‌గ్రేట్స్ దగ్గర గెలిచింది. 1870లో ఫ్రాన్సుతో యుద్ధం వచ్చింది. సెప్టెంబరు 2న సెడాన్ దగ్గర ఫ్రెంచి చక్రవర్తి మూడో నెపోలియన్ సైన్యంతో సహా లొంగిపోయాడు. 1871 జనవరి 18న ఫ్రాన్సు రాజుల వెర్సాయ్ భవనంలోనే, అద్దాల హాలులో, ప్రష్యా రాజును జర్మన్ చక్రవర్తిగా ప్రకటించారు. ఒక యుద్ధానికని మొదలుపెట్టిన స్తంభం పూర్తయ్యేసరికి మూడు యుద్ధాలు వచ్చి చేరాయి. 1873 సెప్టెంబరు 2న, సెడాన్ గెలుపుకు సరిగ్గా మూడేళ్ళు నిండిన రోజున, దాన్ని ఆవిష్కరించారు.

దగ్గరికి వెళ్ళి చూస్తే ఈ వరస అంతా కంటికి కనిపిస్తుంది. అడుగున నున్నగా మెరిసే ఎర్ర గ్రానైటు పీఠం, దాని మీద 16 స్తంభాల గుండ్రటి మండపం, ఆపైన ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపించే గుండ్రటి దొంతరలు. వాటి చుట్టూ నిలువునా గాడులు తీసి, గాడుల్లో బంగారు పూత వేసిన గొట్టాలు అమర్చారు. కింద నిలబడి చూసేవారికి అవి అలంకారం కోసం పోత పోసిన కడ్డీల్లా ఉంటాయి. మా మనవరాలు కూడా అట్లాగే అనుకుంది. నిజానికి అవి డెన్మార్కు, ఆస్ట్రియా, ఫ్రాన్సు సైన్యాల నుంచి పట్టుకొచ్చిన అసలైన ఫిరంగి గొట్టాలు. మొదటి యుద్ధంలో ఆస్ట్రియా సైనికులు ప్రష్యా పక్కన నిలబడి పోరాడారు. రెండో యుద్ధం ముగిశాక వాళ్ళ ఫిరంగులే ఈ స్తంభానికి నగలయ్యాయి. మిత్రుడు శత్రువైన కథను ఇంత పచ్చిగా చెప్పే కట్టడాన్ని నేను మరొకటి చూడలేదు.

కొనన ఉన్న విగ్రహం పేరు విక్టోరియా. పేరు వినగానే మనకు ఇంగ్లండు రాణి గుర్తుకొస్తుంది గాని, ఈమె రోమన్ల విజయదేవత. మన వీరలక్ష్మి, విజయలక్ష్మి వంటి భావనే. ఒక చేతిలో విజేతల తలకు చుట్టే ఆకుల దండ, మరొక చేతిలో ఇనుప శిలువ గుర్తున్న సైనిక ధ్వజదండం ఉంటాయి. ఫ్రీడ్రిష్ డ్రాకె అనే శిల్పి పోత పోయించిన ఈ కంచు విగ్రహం ఎత్తు 8.3 మీటర్లు, బరువు 35 టన్నులు. బెర్లిన్ జనం ఆమెను ముద్దుగా ‘గోల్డ్‌ఎల్జె’, అంటే ‘బంగారు ఎల్జె’ అని పిలుచుకుంటారు. ఎల్జె మన దగ్గర లక్ష్మి, పద్మ లాగా ఇంటింటా వినిపించిన ఆడపిల్లల పేరు. యుద్ధదేవతకు ఇంటి ఆడపిల్ల పేరు పెట్టుకోవడంలోనే ఆ ఊరి జనానికి ఈ స్తంభంతో ఎలాంటి చనువు ఏర్పడిందో తెలుస్తుంది.

ఆ బంగారాన్ని చూస్తున్నంతసేపూ నా మనసు తిరుమల మీదికి పోయింది. శ్రీకృష్ణదేవరాయలు గజపతులతో యుద్ధానికి దిగి, నెలల తరబడి ముట్టడించి 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని పట్టుకొని, సింహాచలం దాకా వెళ్ళి, అక్కడికి దగ్గరలోని పొట్నూరులో జయస్తంభం నాటించాడు. ఆ దండయాత్రల నడుమ, వాటి తర్వాత ఆయన పదేపదే తిరుమలకు వచ్చినట్టు కొండమీది శాసనాలే చెబుతాయి. ఆనందనిలయ విమానానికి బంగారు పూత వేయించడానికి ఇచ్చిన 30,000 వరహాలు కూడా ఆ విజయాల వెంట వచ్చినవే. తన విగ్రహాన్ని కూడా కొండమీద పెట్టించాడు. మహాద్వారం దాటగానే కుడివైపు మండపంలో తిరుమలదేవి, చిన్నాదేవి ఇరుపక్కలా ఉండగా చేతులు జోడించి నిలుచున్న రాగి విగ్రహం అదే. క్యూలో వెనకనుంచి తోసుకొచ్చే జనం మధ్య ఆ వైపు తల తిప్పి చూసేవారు తక్కువ. భుజం మీద పేరు చెక్కి ఉండకపోతే, ఎవరో సంపన్న భక్తుడు భార్యలతో దర్శనానికి వచ్చి నిలుచున్నాడనే అనుకుంటాం.

ఈ పోలిక తెచ్చింది మనవాళ్ళు వినయవంతులు, వాళ్ళు గర్విష్ఠులు అని తేల్చడానికి కాదు. ఆ మాట చరిత్రకు నిలవదు. ఉదయగిరి గెలిచినప్పుడు రాయలు అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని రాజధానికి తీసుకెళ్ళి, దానికోసం హంపిలో ప్రత్యేకంగా గుడి కట్టించాడు. ఓడినవాడి కోటలో పూజలందుకున్న దేవుణ్ణి గెలిచినవాడి ఊళ్ళో ప్రతిష్ఠించడానికీ, ఓడినవాడి ఫిరంగిని గెలిచినవాడి స్తంభంలో పొదగడానికీ మధ్య దూరం ఎక్కువ లేదు. తేడా అసలుంటే అది యుద్ధం ముగించిన తీరులో ఉంది. రాయలు చివరికి గజపతితో సంధి చేసుకొని, ఆయన కూతుర్ని పెళ్ళాడి, కృష్ణానదికి ఉత్తరాన గెలిచిన భూమిని తిరిగి ఇచ్చేశాడు. బిస్మార్క్ కాలపు జర్మనీ ఫ్రాన్సు నుంచి ఆల్సాస్‌ను, లొరైన్‌లో కొంత భాగాన్ని కలుపుకొని, మీదుమిక్కిలి 500 కోట్ల ఫ్రాంకుల పరిహారం రాబట్టింది. పొట్నూరు స్తంభం మీద ఇప్పుడు ఎవరికీ పగ లేదు. బెర్లిన్ స్తంభం మీద ఫ్రాన్సుకు ఉన్న పగ డెబ్భై ఏళ్ళు చల్లారలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిన జర్మనీ చేత 1919లో సంధిపత్రం మీద సంతకం పెట్టించడానికి ఫ్రాన్సు అదే వెర్సాయ్ భవనంలోని అదే అద్దాల హాలును ఎంచుకుంది.

స్తంభం జీవితంలో రెండో మలుపు 1938లో వచ్చింది. అప్పటిదాకా అది ఇప్పుడున్న కూడలిలో కాదు, పార్లమెంటు భవనం ముందున్న మైదానంలో ఉండేది. హిట్లర్ బెర్లిన్‌ను పడగొట్టి ప్రపంచ రాజధానిగా తిరిగి కట్టాలని తలపెట్టి, ఆ పనిని ఆల్బర్ట్ స్పేర్ అనే వాస్తుశిల్పికి అప్పగించాడు. ఆ పథకంలో పార్లమెంటు పక్కన కనీవినీ ఎరుగనంత పెద్ద గుమ్మటం భవనం, దాని ముందు నుంచి ఉత్తర దక్షిణాలుగా ఒక రహదారి, దాన్ని ఖండిస్తూ తూర్పు పడమరలుగా మరొకటి రావాలి. ఆ మైదానం ఖాళీ చేయాల్సి రావడంతో స్తంభాన్ని ముక్కలుగా విప్పి, పార్కు మధ్యలోని కూడలికి తరలించి, అక్కడ తిరిగి నిలబెట్టారు. ఊరికే నిలబెట్టలేదు, మరో దొంతర చేర్చి 7 మీటర్లకు పైగా ఎత్తు పెంచారు. ఆ దొంతరలో ఫిరంగులు లేవు, బంగారు ఆకుల దండలు మాత్రమే ఉన్నాయి. దగ్గర నిలబడి దొంతరలు లెక్కపెట్టి చూడాలని ఎవరికైనా చెబుతాను. మూడింటికి మూడు యుద్ధాలున్నాయి, నాలుగోదానికి ఏ యుద్ధమూ లేదు. అది అచ్చంగా ఆర్భాటం కోసం పెట్టిన ఎత్తు. 1939 ఏప్రిల్ 20న హిట్లర్ యాభయ్యో పుట్టినరోజుకు సైన్యం కవాతు చేసింది ఈ తూర్పు పడమర రహదారి మీదనే. మరో నాలుగు నెలలకు పోలండ్ మీద దాడి జరిగింది.

1945 ఏప్రిల్ నెలాఖరున పార్లమెంటు భవనం చుట్టూ ఇంటింటి పోరాటం జరిగి ఆ ప్రాంతమంతా శిథిలమైంది. స్తంభం పాత చోటనే ఉండి ఉంటే దాని గతి ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. కొత్త చోట అది తూటాల గాయాలతో బయటపడింది. మే 2న సోవియట్ సైన్యంతో పాటు పోరాడుతూ వచ్చిన పోలండ్ సైనికులు ఈ స్తంభం ఎక్కి తమ ఎరుపు తెలుపు జెండా ఎగరేశారు. ప్రష్యా 18వ శతాబ్దంలో ఇరుగుపొరుగు సామ్రాజ్యాలతో కలిసి పోలండ్‌ను పంచుకొని పటం మీద లేకుండా చేసిన రాజ్యం. అట్లాంటి రాజ్యపు గెలుపుగుర్తు మీద పోలండ్ జెండా ఎగరడం అంటే ఏమిటో ఆ సైనికులకు బాగా తెలుసు. ఇప్పుడు పోలండ్‌లో మే 2 జెండా దినోత్సవం.

యుద్ధం ముగిశాక బెర్లిన్‌ను నాలుగు దేశాలు పంచుకున్నప్పుడు ఫ్రెంచివాళ్ళు ఈ స్తంభాన్ని పేల్చేద్దామన్నారు. బ్రిటిష్, అమెరికన్ అధికారులు ఒప్పుకోలేదు. దాంతో పీఠానికి నాలుగు వైపులా ఉన్న కంచు ఫలకాలను విప్పించేశారు, వాటిలో కొన్ని ఫ్రాన్సుకు చేరాయి. డెన్మార్కు యుద్ధం, క్యోనిగ్‌గ్రేట్స్, సెడాన్, 1871లో సైన్యం బెర్లిన్‌కు తిరిగి వచ్చిన ఊరేగింపు వాటిలోని దృశ్యాలు. నలభై ఏళ్ళ పాటు పీఠం బోడిగా ఉంది. 1987లో బెర్లిన్ నగరానికి 750 ఏళ్ళు నిండే వేళకు ఆ ఫలకాలు తిరిగి తమ చోటికి చేరాయి. పగబట్టిన దేశమే తన ఓటమిని చూపే బొమ్మను తెచ్చి ఇచ్చింది. ఈ ఒక్క సంగతి చెప్పినప్పుడు మా మనవరాలు నడక ఆపి నిలబడిపోయింది. గ్రానైటు మీద, కంచు మీద తూటాల గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక గుంటలో వేలు పెట్టి చూశాను, మొదటి కణుపు దాకా దిగింది. వాటిని పూడ్చకుండా వదిలేయడం మరమ్మతు చేసినవారి మంచి నిర్ణయమని నా అభిప్రాయం. కట్టినప్పటి గర్వం, తరలించినప్పటి ఆర్భాటం, ఓడినప్పటి దెబ్బ మూడూ ఒకే రాయి మీద చదువుకోవచ్చు.

చుట్టూ ఉన్న చెట్ల గురించి చెప్పకుండా ఈ పార్కు గురించి చెప్పడం కుదరదు. టీర్‌గార్టెన్ ఒకప్పుడు రాజుల వేట అడవి. ఇప్పుడక్కడ నడుస్తుంటే ఆ అడవి అప్పటినుంచీ అట్లాగే ఉందనిపిస్తుంది. నిజానికి రెండు లక్షలకు పైగా ఉన్న చెట్లలో యుద్ధం తర్వాత మిగిలినవి సుమారు 700. కొన్ని బాంబులకు పోయాయి, మిగిలినవాటిని చలికాలంలో పొయ్యిలోకి బొగ్గు దొరకని జనం కొట్టుకుపోయారు. చదునైన నేలలో బంగాళదుంపలు, కూరగాయలు వేసుకున్నారు. అప్పటి ఫొటోల్లో బంగారు దేవత కింద సాళ్ళు తీసిన చేను ఉంటుంది. 1949లో మేయర్ ఎర్న్‌స్ట్ రాయిటర్ మొదటి మొక్క నాటాడు. జర్మనీలోని ఇతర ఊళ్ళ నుంచి మొక్కలు దానంగా వచ్చాయి. శేషాచలం కొండల్లో కార్చిచ్చు రేగినప్పుడు తిరుపతిలో మేడలెక్కి పొగ చూస్తూ దిగులుపడేవాళ్ళం మనం. ఒక అడవి మొత్తాన్ని పోగొట్టుకొని మళ్ళీ పెంచుకున్న ఊరు కాబట్టి, నాకు స్తంభం కన్నా ఆ చెట్లే పెద్ద గెలుపుగా కనిపించాయి.

అదే పార్కులో, అదే రహదారి మీద, స్తంభం నుంచి తూర్పుగా ఇరవై నిమిషాలు నడిస్తే రెండో విజయచిహ్నం వస్తుంది. ఇది గెలిచిన సోవియట్ సైన్యానిది. యుద్ధం ముగిసి ఆరు నెలలు తిరిగీ తిరగకముందే, 1945 నవంబరు 11న, దాన్ని ఆవిష్కరించారు. వంపు తిరిగిన స్తంభాల వరస మధ్యలో తుపాకి భుజాన వేసుకున్న కంచు సైనికుడు, ముందు రెండు వైపులా రెండు టి-34 ట్యాంకులు, రెండు ఫిరంగులు. ఇక్కడి ఫిరంగులు శత్రువు నుంచి లాక్కున్నవి కావు, తమవే. ఇక్కడ రెండు వేలకు పైగా సోవియట్ సైనికుల సమాధులు ఉన్నాయి. సైనికుడు ఒక చేతిని కిందికి చాచి ఉంటాడు. యుద్ధం ముగిసిందని చెప్పే చేయి అని కొందరు అంటారు. కింద పడుకున్న సహచరులను చూపే చేయి అని నాకు అనిపించింది.

విజయస్తంభానికీ యుద్ధస్మారకానికీ ఉన్న తేడా ఇక్కడే తేలుతుంది. జయస్తంభం గెలుపును చెబుతుంది, దాని కింద ఎవరూ పడుకొని ఉండరు. మా చిత్తూరు పేరు వినగానే బయటివాళ్ళు పొరబడే రాజస్థాన్ చిత్తోడ్‌గఢ్‌లో రాణా కుంభ మాళ్వా సుల్తాను మీద గెలుపుకు గుర్తుగా 15వ శతాబ్దంలో కట్టించిన తొమ్మిది అంతస్తుల స్తంభం అట్లాంటిది, దాన్ని ఆయన విష్ణువుకు అంకితం చేశాడు. ఢిల్లీలోని ఇండియా గేటు అట్లాంటిది కాదు. దూరం నుంచి చూస్తే గెలుపుతోరణంలా ఉన్నా, అది చనిపోయినవారి పేర్లు చెక్కిన స్మారకం. విశాఖ బీచ్‌లో 1971 యుద్ధానికి గుర్తుగా 1996లో వెలసిన ‘విక్టరీ ఎట్ సీ’ పేరులోనే గెలుపు ఉన్నా, జనం అక్కడ నిలబడి దండం పెట్టుకునేది నావికులకు. టీర్‌గార్టెన్‌లోని సోవియట్ కట్టడం ఈ రెండింటినీ ఒకేచోట కలిపింది. ట్యాంకులు గెలుపును చెబుతాయి, వెనక ఉన్న నేల చావును చెబుతుంది. అందుకే దాన్ని తీసేయమనడం గానీ, అట్లాగే ఉంచమనడం గానీ మాట అన్నంత తేలిక కాదు.

ఎందుకంటే నగరాన్ని పంచుకున్నప్పుడు ఆ చోటు బ్రిటిష్ వాటాలోకి వచ్చింది. 1961లో నగరాన్ని తూర్పు, పశ్చిమాలుగా విడదీస్తూ బెర్లిన్ గోడ కట్టాక సోవియట్ సమాధులు పశ్చిమాన, వాటిని కాపలా కాయాల్సిన సైనికులు తూర్పున ఉండిపోయారు. ఏళ్ళ తరబడి ఆ కాపలా సైనికులు రోజూ సరిహద్దు దాటి వచ్చి, డ్యూటీ చేసి తిరిగి వెళ్ళేవారు. 1970లో ఒక నాజీ అభిమాని ఆ కాపలాదారుల్లో ఒకరి మీద కాల్పులు జరిపి గాయపరిచాడు. 1990లో రెండు జర్మనీలు ఒక్కటైనప్పుడు కుదిరిన ఒప్పందాల్లో ఈ స్మారకాలను కాపాడే బాధ్యతను జర్మనీ తన మీద వేసుకుంది. 1994లో రష్యా సైన్యం వెళ్ళిపోయింది. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలయ్యాక ఆ ట్యాంకులను తొలగించాలని గొంతులు లేచాయి, నగర ప్రభుత్వం ఒప్పుకోలేదు. సోవియట్ సైన్యం అంటే రష్యన్లు మాత్రమే కాదు, ఆ మట్టిలో ఉక్రెయిన్ బిడ్డలు కూడా ఉన్నారు. ఓడిన ఊరు తనను ఓడించినవారి సమాధుల చుట్టూ గడ్డి కోయించి, పూలు నాటించి చూసుకోవడం నాకు ఎంతో గౌరవంగా తోచింది.

తిరుపతిలో నాకు ఎదురైన ఒక సందర్భం ఇక్కడ గుర్తుకొస్తుంది. 1971 యుద్ధ విజయానికి 50 ఏళ్ళు నిండిన సందర్భంగా దేశమంతా తిప్పిన విజయజ్యోతి 2021 ఫిబ్రవరిలో మన ఊరికి వచ్చింది. ఆ యుద్ధంలో చూపిన సాహసానికి మహావీర్ చక్ర అందుకున్న మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ గారి ఇంటికి ముఖ్యమంత్రి స్వయంగా వెళ్ళి సత్కరించారు. పోరాడిన మనిషి ఎదురుగా ఉన్నప్పుడు గెలుపు అంటే ఏమిటో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు, ఆ మనిషే చెబుతాడు. ఆ తరం వెళ్ళిపోయాక రాయి ఒక్కటే మిగులుతుంది. రాయికి అర్థం చెప్పే హక్కు అప్పటి నుంచి తర్వాతివాళ్ళ చేతికి వస్తుంది. బెర్లిన్ స్తంభం విషయంలో ఆ తర్వాతివాళ్ళలో హిట్లర్ ఉన్నాడు, పోలండ్ సైనికులు ఉన్నారు, ఫ్రెంచి అధికారులు ఉన్నారు. 2008 జూలైలో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న ఒబామా మాట వినడానికి ఆ స్తంభం కింద చేరిన సుమారు రెండు లక్షల మంది కూడా ఉన్నారు. కవాతుల కోసం వెడల్పు చేసిన ఆ రోడ్డుకు ఇప్పుడున్న పేరు ‘జూన్ 17 వీధి’. 1953లో ఆ తేదీన తూర్పు బెర్లిన్ కార్మికులు ప్రభుత్వం మీద తిరగబడ్డారు. వాళ్ళు ఆ రోజు గెలవలేదు. గెలుపు స్తంభానికి దారితీసే వీధికి గెలవని మనుషుల రోజు పేరు పెట్టుకున్నారు.

పిల్లలను చూడటానికి జర్మనీ వెళ్ళే తల్లిదండ్రులు ఇప్పుడు మన జిల్లాల నుంచి తక్కువేమీ లేరు కాబట్టి దారి కూడా చెబుతాను. 100వ నంబరు బస్సు కూడలి దగ్గరే ఆగుతుంది. కూడలి చుట్టూ వాహనాలు ఆగకుండా తిరుగుతూ ఉంటాయి, రోడ్డు దాటే ప్రయత్నం చేయకూడదు. నాలుగు వైపుల నుంచీ భూమిలోపలి దారులు నేరుగా పీఠం దగ్గరికి తీసుకెళ్తాయి. అవి కూడా స్తంభాన్ని ఇక్కడికి తరలించిన కాలం నాటివే. లోపల చుట్టలు తిరుగుతూ 285 మెట్లు ఎక్కితే దేవత పాదాల కిందికి చేరతాం. అలిపిరి నుంచి 3,550 మెట్లు నడిచి ఎక్కే మనవాళ్ళకు ఇది లెక్కలోది కాదు గాని, దారి ఇరుకు, మోకాళ్ళ నొప్పులున్నవారు కిందనే ఆగి మండపం లోపలి గాజుముక్కల చిత్రాన్ని తీరిగ్గా చూడటం మంచిది. ఆంటన్ ఫాన్ వెర్నర్ గీసిన ఆ చిత్రంలో జర్మన్ రాజ్యాలు ఒక్కటైన కథ ఉంది. నా సలహా ఏమిటంటే, ముందు సోవియట్ స్మారకం చూసి, చెట్ల నడుమ పడమటికి నడిచి, పొద్దువాలే వేళకు స్తంభం చేరుకోవాలి. అప్పుడు ఎండ నేరుగా ఫిరంగి గొట్టాల మీద పడుతుంది.

మేము మాత్రం ఎదురు వరసలో నడిచాం కాబట్టి సోవియట్ స్మారకం దగ్గరికి చేరేసరికి చీకటి పడబోతోంది. మనవరాలు రాతి మీద రష్యన్ లిపిని చదవలేక అంకెలు మాత్రం చదివింది: 1941–1945. బడిలో నేర్చుకున్నది గుర్తొచ్చి, యుద్ధం మొదలైంది 1939లో కదా, రెండేళ్ళు ఎందుకు తగ్గాయి అని అడిగింది. జర్మనీ సోవియట్ యూనియన్ మీదికి వచ్చింది 1941లో, వాళ్ళకు యుద్ధం అప్పుడే మొదలైంది అని చెప్పాను. మరి అంతకు ముందు రెండేళ్ళు వాళ్ళు ఏం చేశారని అడిగితే, 1939 సెప్టెంబరులో పోలండ్ మీదికి పడమటి నుంచి జర్మనీ, తూర్పు నుంచి సోవియట్ సైన్యం వచ్చి దాన్ని పంచుకున్న సంగతి చెప్పాల్సి వచ్చింది. మనవరాలు వెనక్కి తిరిగి, రహదారి చివర దీపాల వెలుగులో చిన్నగా కనిపిస్తున్న బంగారు బొమ్మ వైపు చూసింది. “అందుకేనా అవ్వా, పోలండ్ వాళ్ళు ఇక్కడిదాకా వచ్చి దానిమీద జెండా కట్టింది?” అని అడిగింది.